చేతికిచ్చిన కత్తి

ఆ కత్తి నా అరచేతిలో పడగానే నాకు మొదట వచ్చింది కోపం. అంత పొడుగు వస్తువుకు బరువే లేదు. మడిచి ఉన్నప్పుడే అరచేతికి రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చింది, అయినా చేతిలో ఉన్నట్టు తెలియడం లేదు. ముప్పై ఏళ్లుగా చీనీ మొక్కలకు, అదే బత్తాయి మొక్కలకు, అంట్లు కట్టి బతుకుతున్నవాణ్ణి. కత్తి పట్టుకుంటే చేతికి తెలియాలి, సాయంత్రానికి మణికట్టు పీకాలి. అప్పుడే పని చేసినట్టు నాకు లెక్క.

ఇచ్చింది మా బావ, అక్క మొగుడు. నాకు అంటు కట్టడం నేర్పింది ఆయనే. పది తప్పి ఊళ్లో గాలికి తిరుగుతుంటే, మా నాయన నన్ను తిట్టీ తిట్టీ అలిసిపోయి ఆయనకు అప్పజెప్పాడు. పుల్ల మీది మొగ్గను, అంటే కన్నును, చెక్కడం, దాన్ని వేరు మొక్క బెరడు కింద దూర్చడం, గాలి దూరకుండా పట్టీ చుట్టడం, అన్నీ నా వెనక కూర్చుని, నా వేళ్లమీద తన వేళ్లు పెట్టి నేర్పాడు. నాయన నన్ను కన్నాడు కానీ నా చేతులను తయారు చేసింది మాత్రం బావ.

"ఏం బావా, ఇది కత్తా, దువ్వెనా?" అన్నాను.

"దువ్వెనైతే నీకెందుకిస్తానప్పా? నీకు దువ్వుకునేదానికి యాడుండాయి వెంట్రుకలు?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే ఒక సంగతి గమనించాను. ఆయన కత్తిని నా చేతికిచ్చాడు.

మా ఇళ్లలో కత్తిని చేతినుంచి చేతికి ఇవ్వరు. ఇచ్చేవాళ్లు కింద పెట్టాలి, తీసుకునేవాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే ఆ ఇద్దరికీ తగువొస్తుందని అంటారు. బావకు ఈ పట్టింపు మరీ ఎక్కువ. నేను పనిలో చేరిన రోజున, లారీ పట్టాతో కమ్మరి దగ్గర చేయించిన కత్తి ఒకటి నాకోసం తెచ్చి, నా ముందు నేలమీద పెట్టి, నేను తీసుకునేదాకా పక్కకు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత్తర్వాత గొంతు కూర్చుని అంట్లు కట్టీ కట్టీ ఆయన మోకాళ్లు పోయాయి. కత్తి జారిపడితే వంగి తీసుకోలేడు. నేనే వంగి తీసి, పక్కనున్న డబ్బా మీదో గట్టు మీదో పెట్టేవాణ్ణి, అక్కడినుంచి ఆయన అందుకునేవాడు. ఎంత తొందర పనిలోనూ చేతికిచ్చిన పాపాన పోలేదు.

"చేతికిస్తాండావే బావా?" అన్నాను.

"మడిచిన కత్తికి ఆ పట్టింపు లేదులేప్పా. నోరు మూసుకోనే ఉండాది కదా."

అదీ నిజమే అనిపించింది. మా పెద్దవాళ్లు మడిచే కత్తులు చూసినవాళ్లు కాదు, వాటికి కట్టుబాటేమిటో ఎవరూ చెప్పి పోలేదు. అలా సర్దిచెప్పుకుని తీసుకున్నాను.

పిడి నల్లగా ఉంది. కొయ్య కాదు, ఇనుము కాదు, ఏదో గట్టి ప్లాస్టిక్కు. చెమట చేతిలోనూ జారకుండా గరుకు కాగితంలా చేశారు. ఒక పక్క జేబుకు తగిలించుకునే రేకు పట్టీ ఉంది. అలుగులో బొటనవేలు పెట్టి తొయ్యడానికి గుండ్రంగా ఒక రంధ్రం. తోశాను. అలుగు తిరిగి టక్కుమని కుదురుకుంది. దాదాపు జానెడు. ఆ చప్పుడు మాత్రం నాకు నచ్చింది, దాచను. మళ్లీ మడవబోతే మడతపడదు! పిడిని అటు తిప్పి ఇటు తిప్పి తంటాలు పడుతుంటే, పక్కన కూర్చుని కొత్తిమీర తుంచుతున్న అక్క పకపకా నవ్వింది. లోపల సన్నటి రేకు ఉంటుందట, దాన్ని వేలితో పక్కకు నెట్టాలట. బావ చూపించాడు.

"కన్ను చెక్కేదానికి ఇంత పెద్దది దేనికి బావా? ఇది దున్నపోతును కోసేదానికైతే సరి."

"పుల్లలు కోసేదానికి. తల్లి చెట్టు మింద పుల్లలు. తేలిగ్గుంటాది, చెయ్యి పైకెత్తి కోస్తే భుజం గుంజదు."

"యాడిది?"

"గుమ్మఘట్ట దాటినాక, కన్నడసీమలో కొత్త నర్సరీ పెట్టినారు కదా పెద్దది. పనుంటాదేమోనని పోయింటి. ఆ యజమాని ఇచ్చినాడు."

అంచు మీద గోరు ఆనించి చూశాను, అది మా పనివాళ్ల అలవాటు. మొనకు రెండు వేళ్ల ఇవతల చిన్న గంటు తగిలింది.

"కొత్త కత్తికి గంటేంది?"

"పెట్టెలో వచ్చేటప్పుడే అట్లుండె."

తర్వాత వాసన చూశాను. అదీ అలవాటే. కీలు దగ్గర గోధుమరంగు జిగురు ఎండి అతుక్కుని ఉంది. చీనీ బెరడు వాసన. నిద్రలో లేపి చూపించినా నేను పోల్చుకునే వాసన అది.

"నిమ్మకాయ కోసినాలేప్పా, మజ్జిగలోకి," అన్నాడు బావ, నేను అడగకముందే.

అక్క ఆ మాటకు తల ఎత్తలేదు. కొత్తిమీర తుంచుతూనే ఉంది. నిమ్మకూ చీనీకీ తేడా తెలియని ముక్కు కాదు నాది. అయినా నా ముక్కును కాదని ఆయన మాట నమ్మాను. తనకొచ్చిన బహుమతిని నాకిచ్చాడని పొంగిపోయి, ఇంటికి పోయేదాకా బండి మీద జేబు తడుముకుంటూనే ఉన్నాను.

ఇక్కడ మా చెట్టు సంగతి చెప్పాలి. నాయన మూడెకరాల్లో చీనీ తోట పెట్టాడు. బోరు ఎండింది. ఇంకో బోరు వేయించాడు, దుమ్ము లేచింది. రెండు వేసవులు ట్యాంకర్లతో నీళ్లు తోలి, ఆ తర్వాత చేతులెత్తేశాడు. చెట్లన్నీ నిలువునా ఎండిపోతే కొట్టేసి ఇటుకల బట్టీకి తోలాం. ఊళ్లో అందరి తోటలకూ అదే గతి పట్టింది. మా తోటలో గుట్టవైపు మూలనున్న ఒక్క చెట్టు మాత్రం ఎండలేదు. గొడ్డలి పట్టుకుని దాని దగ్గరికి పోతే, "దాని పాటికి దాన్ని ఉండనీరా," అన్నాడు నాయన. మరుసటేడు ఆయన పోయాడు.

ఆ చెట్టు ఏడు వేసవులు నిలబడింది. చుక్క నీళ్లు పోసింది లేదు. గుట్ట రాళ్ల సందున దాని వేరు ఏం తాగిందో ఎవరికీ తెలియదు. ఆకు చిన్నదైపోయింది కానీ రాలలేదు. కాపు కూడా వచ్చింది, పలచటి తోలు, నిండా రసం. మొదటి కాయ కోసి బావకే ఇచ్చాను. ఒక తొన నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"దీని కన్ను చాలప్పా. ఊళ్లో తోటలన్నీ మళ్లా లేస్తాయి," అన్నాడు.

అప్పటికప్పుడే అంట్లు కట్టేద్దామని నేను ఎగిరితే, నన్ను ఆపింది కూడా ఆయనే. "తొందరపడొద్దు. మూడు కాపులు చూడు. మూడూ ఇట్లే వస్తే అప్పుడు కట్టు. అదీ వాన పడి, చెట్టు కడుపు నిండినాకనే కత్తి పెట్టల్ల. దప్పిగ్గా ఉండే చెట్టును కోసినావనుకో, చెట్టూ దక్కదు, కన్నూ పట్టదు. తెలిసిందా?"

తెలిసింది. మూడు కాపులు చూశాను, మూడూ బాగున్నాయి. ఆ చెట్టు కన్నులు ఎక్కించడానికి పెరట్లో రెండు వందల సంచుల్లో జంబేరి వేరు మొక్కలు పెంచాను. సంచుల్లో మన్ను నింపింది అక్క. వానాకాలం రాగానే ఆ రెండు వందలూ మా నాయన చెట్టు పిల్లలు కావాలి. సగం మా మూడెకరాల్లో, మిగతావి తోటలు కొట్టేసుకున్న మా ఊరివాళ్లకు. ఆ వేసవంతా నాకు వేరే ఆలోచన లేదు. ఆకాశం వంక చూడడం, జంబేరి మొక్కలకు నీళ్లు పోయడం, అంతే.

కత్తి ఇచ్చిన రెండో రోజు పొద్దున చేనికి పోయాను. కంచెకు నాలుగు ముళ్ల కంపలు ఆ కత్తితో కొట్టి చూద్దామని సరదా. మేకలు పోకుండా చెట్టు చుట్టూ వల కట్టి, తీగతో మెలివేసి ఉంచేవాణ్ణి. ఆ మెలి విప్పి ఉంది. తీగ మీద ఇనుముతో గీకిన మెరుపు గీత కనిపించింది. తల ఎత్తి చూశాను. చెట్టులోనుంచి ఆకాశం కనిపించింది. ఎప్పుడూ అలా కనిపించేది కాదు.

కొమ్మకొమ్మకూ చివర్లు కోసేశారు. లేత పుల్ల ఒక్కటీ మిగల్లేదు. మొదట మేకలనుకున్నాను, కానీ మేకలు తీగ మెలి విప్పవు. దొంగలనుకున్నాను, కానీ కాయల్లేని చెట్టును దొంగలేం చేసుకుంటారు? కింద చూశాను. ఆకులున్నాయి కానీ తొడిమలు లేవు. కన్నుల కోసం పుల్ల కోసేవాడు ఆకును అక్కడికక్కడే కత్తిరించి, తొడిమను పుల్లకే వదిలేస్తాడు, పుల్ల వాడిపోకుండా. అంటే వచ్చింది మా పనివాడే.

ఆ ఆకులు చెల్లాచెదురుగా కూడా లేవు. అన్నీ ఏరి, చెట్టు మొదట్లో చుట్టూ పరిచి, ఎగిరిపోకుండా పైన రెండు గుప్పిళ్ల మన్ను చల్లి ఉంది. మొదలు చల్లగా ఉంటుందని, కోసిన ఆకు చెట్టుకే వెయ్యాలని నాకు నేర్పిన మనిషి ఒక్కడే. ఈ సీమలో ఇంకెవరూ అలా చెయ్యరు. మిగతావాళ్లు ఆకును తొక్కుకుంటూ పోతారు.

అయినా మనసు ఒప్పుకోలేదు. కోత దగ్గర వేలు పెట్టి చూశాను. నున్నటి ఏటవాలు కోత, నడుమ వెంట్రుకంత మెరక. పక్క పుల్ల చూశాను, అదే మెరక. జేబులోనుంచి కత్తి తీసి తెరిచాను. ఎండిన కొమ్మ ఒకటి అదే వాటంలో కోశాను. అలుగు మీది గంటు దాని మీద అదే మెరక వదిలింది.

నాకు ఏడుపు రాలేదు. ఆ కత్తిని రెండు రోజులుగా జేబులో పెట్టుకుని, నలుగురికీ చూపించుకుని, మా బావ ఇచ్చాడని చెప్పుకుని తిరిగాను కదా, దానికి సిగ్గేసింది. మోసం చేసినవాడి మీద కోపం తర్వాత వచ్చింది. ముందు నా మీద నాకే అసహ్యం వేసింది.

తిన్నగా అక్క ఇంటికి పోయాను. బావ పంచలో మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. అక్క మోకాళ్లకు నూనె రాస్తోంది.

"బావా, చెట్టుకాడికి పోయింటివా?"

అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పి ఉంటే ఆ గొడవ ఆ రోజుతో తెగిపోయేదేమో.

"పోయింటి," అన్నాడు. "బేస్తవారం. నర్సరీవాళ్ల బండిలో. వాళ్ల పిల్లోనితో ఆకులన్నీ ఏరించి మొదట్లో పరిపించినా."

"ఎందుకు?"

"నా మోకాళ్లు చూస్తాండావు కదప్పా. ఇంకొక ఏడు గొంతు కూచ్చోని పని చేయలేను. ఆడ కుర్చీలో కూచ్చోని పని చేయించేదుండాది. కరువుకు నిలబడిన చెట్టు పుల్లలు తెచ్చినోనికి ఆ పని అన్న్యారు."

"అడిగింటే నేను ఇయ్యనా?"

"ఇస్తావు. వాన పడేదాకా ఆగుమంటావు. వాళ్లు ఆగేవాళ్లు కాదు."

"ఆగుమని నాకు చెప్పిందెవరు బావా?"

ఆయన పైకప్పు వంక చూశాడు. అక్క నూనె గిన్నె పక్కన పెట్టి లోపలికి పోయింది. అక్కకు తెలుసని నాకు అప్పుడర్థమైంది. సంచుల్లో మన్ను నింపిన చేతులవి. అదొకటి నా గుండెలో దిగింది.

"మరి ఈ కత్తి నాకెందుకిచ్చినావు?"

"వాళ్లు ఇచ్చిన కత్తి. దీంతోనే కోసినా. ఇంట్లో పెట్టుకోలేకపోతి. నీకిస్తే కొంచెమన్నా..." అని ఆగిపోయాడు.

"కొంచెమన్నా ఏంది?"

"ఏమో అప్పా. నాకు తెల్దు."

నాకు తెలుసు. ఏడు వేసవులు నిలబడిన మా నాయన చెట్టుకు ఆయన నాకిచ్చిన బదులు అది. ఆ ఇచ్చిన దానికి బరువైనా లేకపోయె.

"వానకు చిగురిస్తాది," అన్నాడు. "గట్టి చెట్టు అది. నాది పూచీ."

కత్తి ఆయన మొహాన కొట్టి రావాల్సింది. కొట్టలేదు. వాన దాకా చూద్దామనిపించింది. ఆయన చేసింది కళ్లారా చూసి కూడా, చెట్ల విషయంలో ఆయన మాట తప్పదని లోపలెక్కడో నమ్మకం మిగిలే ఉంది. అంత వెర్రివాణ్ణి నేను.

ఆ రోజునుంచి ఆ చెట్టుకు నీళ్లు పోశాను. పక్క చేను బోరు దగ్గర రెండు క్యాన్లు నింపి, బండికి అటొకటి ఇటొకటి కట్టుకుని, రోజు మార్చి రోజు పోయేవాణ్ణి. ఏడేళ్లు నీళ్లు అడగని చెట్టు అది. ఇప్పుడు ఎన్ని పోసినా దానికి పట్టలేదు. కోసిన చివరలనుంచి ఎండు మొదలై, కొమ్మల మీదుగా కిందికి దిగింది. పోయినప్పుడల్లా ఎంతవరకు దిగిందో గోరుతో గీకి చూసేవాణ్ణి. పచ్చదనం ఒకసారికి జానెడు కింద, ఇంకోసారికి మూరెడు కింద. చివరికి గీకడం మానేశాను.

మృగశిర కార్తెలో వాన పడింది. మంచి వానే. నాలుగో రోజు చేనికి పోయాను. దూరంనుంచే చెట్టు మొదట్లో పచ్చగా కనిపించింది. బండి అక్కడే పడేసి పరుగెత్తాను. "చిగురించింది నాయనా," అని పైకే అన్నాను, పక్కన ఎవరూ లేకపోయినా. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మూడు చిగుళ్లు, జానెడు పొడవు, దిటవుగా ఉన్నాయి.

మూడూ అంటు కింద వచ్చాయి.

చీనీ చెట్టు మొదట్లో అంటు కట్టిన మచ్చ ఎప్పటికీ పోదు. దాని పైన ఉన్నది చీనీ. కింద ఉన్నది ఎప్పుడో నర్సరీలో వేసిన జంబేరి, అడవి నిమ్మ. పైది చస్తే కిందిది లేస్తుంది. చిగుళ్లకు ముళ్లు కూడా ఉన్నాయి. అయినా ఒక ఆకు తుంచి నలిపి వాసన చూశాను. నిమ్మ వాసన. ఆ రోజు కత్తి కీలు దగ్గర ఈ వాసన వచ్చి ఉంటే బావ మాట నిజమై ఉండేది.

బావ అప్పటికి నర్సరీలో పనికి చేరాడు. ఆదివారం ఇంటికొస్తాడని తెలిసి పోయాను. పంచలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, పక్కనే మందుల డబ్బాతో ఒక స్టూలు. అక్క గడపలో నిలబడింది, కూర్చోమని అనలేదు. నేనూ కూర్చోలేదు.

"చెట్టు పోయింది బావా," అన్నాను. "అంటు కింద లేచింది."

ఆయన తల వంచుకున్నాడు.

"పోయింది పోనీ. ఆడ నర్సరీలో దాని పిల్లలుంటాయి కదా. నాకు పది వద్దు, ఒక్కటియ్యి. దాన్నుంచి నేను మళ్లా చేసుకుంటా. ఎన్నేళ్లైనా కానీ."

ఆ మాట అడగడానికి నేను చంపుకున్నంత అభిమానం ఇంకెప్పుడూ చంపుకోలేదు. నా చెట్టు పిల్లను నేనే అడుక్కుంటున్నాను.

"ఒక్క కన్నూ పట్టలేదప్పా," అన్నాడు.

"ఒక్కటి కూడానా?"

"ఎనిమిది వందలు కట్టినాం. పట్టీ విప్పి చూస్తే అన్నీ నల్లబడిపోయినాయి. రసం లేని పుల్లలు." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "కోసేటప్పుడే తెలుసు నాకు."

తెలుసట. నాకు నేర్పిన ప్రతి మాటా ఆయనకు గుర్తుంది. గుర్తుంచుకునే కోశాడు. ఆ కుర్చీ దక్కేదాకా కన్నులు పచ్చగా ఉంటే ఆయనకు చాలు. అప్పటిదాకా మా చెట్టును దోచుకున్నాడని అనుకున్నాను. దోచుకున్నది పోయి ఎక్కడో ఒకచోట బతికినా బాగుండేది.

జేబులోనుంచి కత్తి తీశాను. బావ చెయ్యి చాపాడు, అరచెయ్యి పైకి పెట్టి.

"చేతికియ్యప్పా. మడిచే ఉండాది కదా," అన్నాడు. ఆ గొంతులో ప్రాధేయపడుతున్నట్టు ఉంది.

బొటనవేలితో అలుగు తోశాను. టక్కుమంది. అంతకు ముందైతే నా చెయ్యి దానంతటదే స్టూలు మీదికి పోయేది. ఆ రోజు వంగి, ఆయన పాదాలకు మూరెడు దూరంలో నేలమీద పెట్టాను.

"నువ్వు నేర్పిందే బావా," అన్నాను.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగాడు. మోకాళ్లు వంగలేదు. చెయ్యి కత్తికి జానెడు పైన ఆగిపోయింది. పళ్లు బిగబట్టి ఇంకొంచెం వంగబోయాడు, అందలేదు. నా వంక చూశాడు. కత్తి జారిపడినప్పుడల్లా అలాగే చూసేవాడు, అడగడం అలవాటు లేదు ఆయనకు, అడిగే అవసరం నేనెప్పుడూ రానివ్వలేదు. నా నడుము దానంతటదే వంగబోయింది. ఆపుకున్నాను.

అక్క గడపలోనుంచి కదల్లేదు. నేను వెనక్కి తిరిగి నడిచాను. గేటు దాటేదాకా చెవులు వెనకే ఉన్నాయి, నేలమీదినుంచి ఆ కత్తిని ఎవరూ తీసిన చప్పుడు రాలేదు.